చిన్నాయన దిగని మంచె

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని ఆ రోజుల్లో నా అసలు కష్టం ఖాళీగా ఉండటం కాదు, నేను ఖాళీగా ఉన్నానని బంధువులందరికీ తెలియటం. ఉరవకొండ దగ్గర మా ఊళ్లో ఎవరింటికి గ్యాస్ బండ మోయాలన్నా, ఎవరి గొర్రెకు మందు తాపాలన్నా "ఆ డిగ్రీవాన్ని పిలవండప్పా" అనేవాళ్లు. అలా ఒక మిట్టమధ్యాహ్నం మా చిన్నమ్మ నా చేతిలో క్యారియర్ పెట్టి, "మీ చిన్నాయన చేన్లో మంచె మీద ఉండాడు, ఇచ్చిరా. నేనిచ్చినానని మాత్రం చెప్పొద్దు" అంది. (మరి ఎవరిచ్చారని చెప్పాలో అడగలేదు. అడిగితే ఇంకో పని తగులుకుంటుందని భయం.)

జరిగిందేమిటంటే, వేరుశనగ చేనికి అడవిపందుల కాపలా అని పోయి చిన్నాయన మంచె మీద హాయిగా నిద్రపోతాడని చిన్నమ్మ తన అన్న ముందు అనేసింది. చిన్నాయనకు రోషం పొడుచుకొచ్చింది. ఆమె వచ్చి పిలిస్తే తప్ప దిగనని ముందురోజే మంచెక్కి కూర్చున్నాడు.

నేను పోయేసరికి మంచె ఒకవైపు ఒరిగి ఉంది. నాలుగు గుంజల్లో ఒకటి మొదట్లో కుళ్లిపోయి, వేలితో పొడిస్తే వేలు లోపలికి దిగుతోంది. వాన మొహం చూడని మా నేలలో కట్టె కుళ్లటమేమిటా అని చూస్తే, డ్రిప్పు పైపు అతుకులోంచి కారే నీళ్లన్నీ సరిగ్గా అక్కడికే చేరుతున్నాయి. చుట్టూ వేరుశనగ చెట్లు వాడిపోతుంటే ఆ గుంజ ఒక్కటే కడుపునిండా తాగింది.

"చిన్నాయనా, ఇది పడేట్లుండాది. దిగు."

"నేను దిగేది లేదు. నువ్వే బాగుచెయ్."

"మనిషి పైనుంటే ఎట్ల చేసేది?"

"ఏం, డిగ్రీ సదివినావు కదా?"

పక్క చేను ట్రాక్టరాయన్ని బతిమాలి జాకీ తెచ్చాను. కంచెకు స్తంభాలుగా పాతగా మిగిలిన రాతి కూసం ఒకటి గట్టున పడి ఉంటే ఈడ్చుకొచ్చాను. జాకీ మీద మొద్దు నిలబెట్టి, అడ్డవాసాన్ని (దాంతోపాటు చిన్నాయననూ) పైకెత్తి, గడ్డపారతో కుళ్లిన గుంజను పెకలిస్తుంటే, ఆయన పైన సంగటి తింటూ, "ఇది ఆమె చేసిందే. కోపమొస్తే కారం ఎక్కువేస్తాది" అని ముక్కు చీదుకుంటున్నాడు.

గుంజ ఊడొచ్చింది. అదే అదనుగా తడిమట్టిలో జాకీ కూరుకుపోయింది. మంచె నామీదికే వాలింది. పారిపోదామని తోచేలోపే వాసం కింద భుజం పెట్టేశాను. కళ్లముందు చుక్కలు కనబడుతుండగా, కంది సాళ్ల వెనకనుంచి చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. (గడ్డి కోసుకోవటానికి వచ్చిందట. చేతిలో కొడవలి లేదు.) తనూ ఒక చెయ్యేసి అరిచింది.

"దిగయ్యా! పిల్లోని నడుము ఇరుగుతాది!"

పైనుంచి చిన్నాయన నింపాదిగా, "ఇది పిలిచినట్లా, తిట్టినట్లా?" అన్నాడు.

"ఏదో ఒకటి అనుకో సామీ! నా వల్ల కాల్యా!" అన్నాను ఏడుపుగొంతుతో.

చిన్నమ్మ రెండో చెయ్యి కూడా వాసానికి ఆనించింది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్నట్నుంచి నాకూ ముద్ద దిగల్యా. రా, ఇంటికి పోదాం" అంది.

చిన్నాయన అవతలివైపు నుంచి దిగాడు. దిగి, తన భుజం కూడా వాసానికి ఆనించి, నేను జాకీ లేపి దాని కింద బండరాయి పెట్టేదాకా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి వెనక ఒకరు గట్టు మీద ఊరివైపు వెళ్లిపోయారు. నా భుజం సంగతి ఎవరూ అడగలేదు. నేనొక్కణ్ణే కూసం నిలబెట్టి, రాళ్లు కూరి, మట్టి దిమ్మిస కొట్టి, పైపు అతుక్కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టేసరికి పొద్దు వాలింది.

ఆ ఏడు బోరు ఎండిపోయింది. కాయ పట్టలేదు. పందులు కూడా మా చేనివైపు తొంగిచూడలేదు. మంచె మాత్రం రాయిలా నిలబడింది. ఇప్పుడు అనంతపురంలో కుర్చీ ఉద్యోగం చేస్తూ, ఎక్కడ కూర్చున్నా నడుము పట్టేసే వయసుకొచ్చాను. ఆ సాయంత్రం ఒళ్లంతా మట్టితో ఖాళీ మంచెక్కి, కాళ్లు వేలాడేసుకుని, ఒక సంసారాన్నే భుజాన మోసినంత గొప్పగా కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కాసేపు పోయి వాడి పక్కన కూర్చోవాలనిపిస్తుంది.