ఇల్లు మాకిచ్చి ఇంటివాళ్లు ఎక్కడికి వెళ్లారు?

మావారికి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, నాకు ట్యూషన్లు. గాజువాకలో మా ఎదురు ఫ్లాట్‌వాళ్ల పేరు కూడా మాకు సరిగ్గా తెలియదు. రెండు రోజులు సెలవు దొరికేసరికి, హోటల్ గది వద్దు, ఎవరింట్లోనైనా మనుషుల మధ్య ఉందామని నేనే పట్టుబట్టాను. అనంతగిరి కొండల్లో ఒక గిరిజన గ్రామంవాళ్లు తమ ఇళ్లలోనే అతిథులను ఉంచుకుంటున్నారని విని ఫోన్ చేశాం. భోజనాలతో కలిపి ఇద్దరికీ రోజుకు రెండు వేలన్నారు.

పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కి, పది దాటాక బొర్రా గుహల స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి కాఫీ తోటల మధ్య గంటసేపు జీపు ప్రయాణం. ఊళ్లో సన్యాసమ్మ అనే ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చి, తాళం తీసి, రెండు మంచాలు చూపించి వెళ్లిపోయింది. దండెం మీద వాళ్ల బట్టలున్నాయి, గోడకు వాళ్ల ఫొటోలున్నాయి, మనుషులు లేరు. పొయ్యి చల్లగా ఉంది. మధ్యాహ్నం అన్నం, కోడికూర పక్కింటి నుంచి తెచ్చింది. కలిసి తిందాం రమ్మంటే తల అడ్డంగా ఊపింది. మేమేం తప్పు చేశామో అర్థం కాలేదు. చెప్పులతో లోపలికి వచ్చామేమో అన్నారు మావారు. లేదు, బయటే విప్పాం.

సాయంత్రం చలి మొదలైంది. ఒక ముసలావిడ వచ్చి అరుగు మీద కూర్చుని లోపలికి చూస్తోంది. రమ్మంటే రాదు, పొమ్మనలేం. జీపు డ్రైవర్ అటు వస్తే ఆవిడెవరని అడిగాను.

"ఆ ఇల్లు ఆవిడదేనమ్మా. సన్యాసమ్మ అత్త. మీరున్నన్నాళ్లూ ఆళ్లు పక్కింట్లో ఉంటారు."

సిగ్గుతో సన్యాసమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఇదివరకు వచ్చినవాళ్లు పొయ్యి పొగ పడలేదన్నారట, ముసలావిడ దగ్గుకి నిద్ర పట్టలేదన్నారట. అప్పటినుంచీ అతిథులొస్తే ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలని ఊరంతా కూర్చుని అనుకున్నారు. మీరూ మాతోపాటు మీ ఇంట్లోనే ఉండండి అన్నాను. ఈసారి అర్థం కాకపోవడం ఆవిడ వంతైంది.

"మీకు ఇబ్బంది అవదేటమ్మా? మా అత్త పొయ్యి కాడే పడుకుంటాది."

ఆ సాయంత్రం పొయ్యి రాజుకుంది. పొగకి మావారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముసలావిడ దాని పక్కన చాప పరుచుకుని, తన భాషలో నన్నేదో అడిగింది.

"ఏటంటున్నాదంటే, మీరు ఎన్నాళ్లుంటారని," చెప్పింది సన్యాసమ్మ.

రేపు వెళ్లిపోతామని చెప్పమన్నాను. ముసలావిడ తల ఊపింది. అది ఊరటో బెంగో తేల్చుకోలేకపోయాను.

తిరిగి వచ్చాక అందరూ బాగుందా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. మేమిచ్చే డబ్బు ఆ ఇంటికి అవసరమే, సన్యాసమ్మ ఆ మాట దాచలేదు. మేం వెళ్లకపోతే ఆవిడ అత్త చలిలో అరుగు మీద కూర్చునేదీ కాదు. రెండూ నిజమే. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఫోన్ చేసినప్పుడు బాత్రూము గురించి ఎలాగూ అడుగుతారు. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉంటారా అని కూడా అడగండి. ఉండమని ముందే చెప్పండి.