విరుగుడు లేని ఓటు

"అయితే ఈసారైనా వెళ్తావా, లేదా? లెస్టర్ పోయాడు. నీ ఓటుకి ఇక విరుగుడు లేదు," అంది మేబెల్, భర్త ఆర్వల్ ముందు కాఫీ పెడుతూ.

ఆర్వల్ రిపబ్లికన్. పక్క పొలం లెస్టర్ డెమొక్రాట్. "నీదీ నాదీ చెల్లుకి చెల్లేగా, ఎందుకురా ఈ బురద దారిన అంత దూరం పోవడం?" అని ఒకరికొకరు మాటిచ్చుకుని ప్రతి ఎన్నికకీ ఇద్దరూ ఓటు మానేసి చేపలకి పోయేవాళ్లు. మొన్న మొక్కజొన్న కోతల్లో లెస్టర్ కన్నుమూశాడు.

పోలింగ్ జరిగే బడిలో ఆర్వల్ ఓటు కాగితం అందుకుని తన పార్టీ పేరు దగ్గర పెన్సిల్ ఆనించాడు. తిరిగి కొట్టలేనివాణ్ని కొడుతున్నట్టనిపించింది. కాగితం ఖాళీగానే మడిచి పెట్టెలో వేసి ఇంటికొచ్చేశాడు.

"ఎవరికేశావు?"

"ఎవరికీ లేదు. మాటిచ్చాను కదే."

మేబెల్ అనుకుంది: సాయంత్రం లెస్టర్ భార్య థెల్మాకి ఫోన్ చెయ్యాలి. ఆర్వల్ మాట తప్పలేదని చెప్పాలి.