క్యారవాన్ మీద చెరువు షీటు

ఆ మాట చెవిన పడేసరికి క్రిస్టినా మిషను కింద ఒక ఆటో సీటు సగం కుట్టి ఉంది. తెలిసిన ట్రావెల్స్ డ్రైవరొకడు ఫోను చాచి, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాట వినిపించాడు. రొయ్యల చెరువుల గోపాలకృష్ణంరాజుగారి గొంతు, ఎప్పటిలాగే మెత్తగా, నిమ్మళంగా ఉంది.

“ట్రావెల్స్ మిత్రులందరికీ నమస్కారమండి. మన ఉండి ఊరెళ్ళే రోడ్డులోని క్రిస్టినా దగ్గర మాత్రం బండి కవర్లు కుట్టించకండి. మా క్యారవాన్ లోపలంతా బూజు పట్టేసింది. పాపం, ఆవిడకి పెద్ద బళ్ళ పని తెలీదండి.”

ఆ ‘పాపం’ దగ్గర ఆమె మిషను ఆపేసింది.

పన్నెండేళ్ళప్పుడు లారీ బరకాలు కుట్టే తండ్రి పక్కన కూర్చుని దబ్బనం పట్టిన చేతులవి. తండ్రి పోయాక కొట్టు మూతపడుతుందన్నవాళ్ళే తర్వాత వరసకట్టి సీట్లు కుట్టించుకున్నారు. ఇరవై రెండేళ్ళలో ఆమె కుట్టు విడిపోయిందన్నవాడు లేడు. ఆ సాయంత్రానికల్లా, సీట్లు కుట్టిస్తామన్న రెండు బస్సుల వాళ్ళు “తర్వాత చూద్దాంలేమ్మా” అన్నారు. మర్నాడు పొద్దున్నే స్కూటరు తీసి రాజుగారి చెరువుల మీదికి బయలుదేరింది. దారి పొడవునా నీళ్ళలో ఆకాశం తెల్లగా మెరుస్తోంది. ఆమెకు అదేమీ కనబడలేదు.

కిందటి వేసవిలో ఆయనే కొట్టుకు వచ్చారు. ఏడాదికి రెండుసార్లు కుటుంబమంతా అరుణాచలం వెళ్ళడానికి ముచ్చటపడి కొన్న క్యారవాన్. షెడ్డు నిండా రొయ్యల మేత బస్తాలు. బండి చెరువు గట్టు మీద ఆరుబయటే ఉండాలి.

“కవరు వేయించమంటావా, వద్దంటావా?” అని అడిగారు.

“ఎండకి రంగు పోకుండా, కొంగల రెట్ట పడకుండా మంచిదేనండి. కానీ మనది చెమ్మ గాలి. బండికి ఊపిరాడాలి. పది రోజులకోసారి ఎండ చూసి కవరు తీసి, తలుపులు తెరిచే మనిషి ఉంటేనే వేయించండి. లేకపోతే అసలు వద్దండి.”

“మనుషులకేం కొదవమ్మా” అని నవ్వారాయన.

గాలాడే నూలు కాన్వాసు తెచ్చి, పక్కల్లో ఆరు కిటికీలు పెట్టి, వాన జల్లు కొట్టకుండా వాటికి రెప్పలు కుట్టి ఇచ్చిందామె.

ఇప్పుడు గట్టు మీద బండి చూస్తే ఆ కాన్వాసు కనబడటం లేదు. దాని మీద, రొయ్య పిల్లల్ని పెంచే నర్సరీ చెరువు అడుగున పరిచే నల్ల షీటు, చక్రాల దాకా దించి, నైలాను తాళ్ళతో బిగించి ఉంది. క్రిస్టినా అంచు పట్టుకుని లేపింది. లోపలి నీళ్ళు జలజలా ఆమె పాదాల మీద పడ్డాయి. తలుపు తీస్తే వాసన మొహాన కొట్టింది. సీట్ల మీద తెల్లటి బూజు, ఎవరో పిండి చల్లినట్టు.

“రామ్మా, టిఫిను చేద్దువుగాని” అంటూ రాజుగారు వచ్చారు. వెనక చెరువులు చూసే పెదబాబు.

“ఈ షీటు ఎవరు కప్పారండి?”

“నేనేనండి” అన్నాడు పెదబాబు, కాస్త గొప్పగానే. “మీ కవరుకి బొక్కలున్నాయి కదా. చెరువులో చుక్క నీరు బయటికి పోనివ్వని షీటండి ఇది. వానని లోపలికి రానిస్తుందా?”

“రానివ్వదు. లోపలి చెమ్మని పోనివ్వదు కూడా.” ఆమె అతని వైపు తిరిగింది. “పెదబాబుగారూ, మాసూళ్ళలో వానొస్తే ధాన్యం మీద బరకం కప్పుతారు కదా. ఎప్పుడు తీస్తారు?”

“వాన వెలవగానే. లేకపోతే ఆవిరెక్కి మొలకొచ్చేస్తుంది కదండీ.”

“మరి దీన్ని ఎప్పుడు తీశారు?”

పెదబాబు రాజుగారి వైపు చూశాడు. రాజుగారు చెరువు వైపు చూశారు.

“ఆషాఢంలో కప్పామండి” అన్నాడు చివరికి. ఇప్పుడు ఆశ్వయుజం.

“సరేనమ్మా, జరిగిందేదో జరిగింది” అన్నారు రాజుగారు. “లోపల సీట్లన్నీ మార్చాలి. ఆ పనీ నీకే ఇస్తాను. ముందు వచ్చి ఇడ్లీ తిను.”

“నాకు పనొద్దండి. నా పేరు పాడుచేశారు. చిరిగిన సీటు కాదది, కొత్త గుడ్డ వేసి కుట్టడానికి. ఏ గ్రూపులో అన్నారో అదే గ్రూపులో తప్పు మీదని చెప్పండి.”

“మళ్ళీ గ్రూపులో ఎందుకమ్మా, మనలో మనం అనుకున్నాం కదా.”

“నన్ను అన్నప్పుడు మనలో మనం అనుకోలేదు కదండీ.”

ఆమె క్యారవాన్ ఎక్కి ఆ బూజు సీటు మీద కూర్చుంది. వాసనకి కళ్ళు మండాయి. మండనీ అనుకుంది. రాజుగారు ఇంట్లోకి వెళ్ళిపోయారు. గంట గడిచింది. ఆయన భార్య సుభద్రమ్మ స్వయంగా మజ్జిగ పట్టుకొచ్చింది.

“తాగమ్మా, ఎండెక్కింది.”

“మీ మీద నాకేం లేదండి. కానీ మీ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టను.”

సుభద్రమ్మ గ్లాసు వెనక్కి తీసుకుంది. వచ్చిన పగవాడికైనా పెట్టి పంపే ఇల్లది. వెనక్కి వెళ్ళాక వరండాలోంచి ఆవిడ గొంతు గట్టు దాకా వినబడింది.

“వాకిట్లో మనిషి పస్తుంటే ఈ ఇంట్లో ఎప్పుడైనా విస్తళ్ళు వేశామా? మీకూ లేదు, నాకూ లేదు. ఆ ఫోనులో చెప్పి రండి, వడ్డిస్తాను.”

పన్నెండు దాటాక రాజుగారు ఫోను పట్టుకుని బండి దగ్గరికి వచ్చారు. క్రిస్టినా వింటుండగానే మాట్లాడారు. “మిత్రులకి నమస్కారమండి. క్రిస్టినా పని మంచిదేనండి. ఏదో చిన్న పొరపాటు జరిగింది.”

“ఎవరి పొరపాటండి?” అంది ఆమె సీటు మీంచి కదలకుండా.

ఆయన మెడ ఎర్రబడింది. తర్వాత మళ్ళీ మీట నొక్కారు. “పొరపాటు మాదండి. ఆవిడ వద్దన్నదే చేశాం. కవరు తీసి ఆరబెట్టకుండా, పైన చెరువు షీటు కట్టేశాం. బూజు దానివల్లే పట్టింది.”

క్రిస్టినా దిగింది. దండం పెట్టలేదు.

“ఇప్పుడు కవరు వేయమంటావా, వద్దా?” అని అడిగారాయన, కొత్తగా, నిజంగా తెలియనివాడిలా.

“వద్దండి. తలుపులు తెరిచి ఎండకి వదిలేయండి. కవరు తీసి ఆరబెట్టే మనిషి దొరికినప్పుడు కబురు పెట్టండి.”

స్కూటరు స్టార్టు చేసి గట్టు దిగింది. దారిలో ఫోను రెండుసార్లు మోగింది. నిన్న తర్వాత చూద్దామన్న బస్సుల వాళ్ళే. ఎత్తకుండా ఇంకాసేపు మోగనిచ్చింది.