ముగ్గురి అర్జీలు, ఒక్క ఏసీ

ఎర్మెలిందా మా చిన్న దేశపు రాజధాని దిలీలో, మా మంత్రిత్వ శాఖ ఉత్తరాల గుమాస్తా. వచ్చిన కాగితానికి ముద్ర కొట్టడం, పోయే కాగితానికి నంబరు వేయడం ఆమె పని. ఇండోనేషియా పాలనలో పదిహేనేళ్లు అదే చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక గోడ మీద జెండా మారింది గానీ ఆమె కుర్చీ మారలేదు.

కొత్త ఆఫీసుకి అప్పటికి రెండేళ్లు. లిస్బన్ నుంచి తిరిగొచ్చినవాళ్లది ఒక బల్ల, జావాలో చదివిన మాది ఒకటి, ఆస్ట్రేలియా నుంచి దిగినవాళ్లది ఇంకొకటి. ఎవరి కాఫీ కెటిలు వాళ్లదే. పోర్చుగీసులో వచ్చిన కాగితం మాకు అర్థమయ్యేది కాదు. మేం ఇండోనేషియా భాషలో రాసింది లిస్బన్ వాళ్లకి కనబడేదే కాదు. ఇంటికి పోయి పెళ్లాం పిల్లల్ని మాత్రం అందరం మా సొంత భాష తేతుంలోనే కసురుకునేవాళ్లం.

ఆ అక్టోబరు ఉక్కలో ఎవరో దాతలు ఒకే ఒక్క ఏసీ పంపారు. డైరెక్టరు అబీలియు గారికి మూడు బల్లల నుంచి మూడు భాషల్లో అర్జీలు పోయాయి. మూడు భాషలూ వచ్చింది ఎర్మెలిందాకే. చదివి ముసిముసిగా నవ్వుకుంది. అన్నిట్లోనూ ఒకటే మాట: మిగతా రెండు బల్లలవాళ్లకీ చల్లగాలి తగిలితే నిద్రపోతారు.

శుక్రవారం మధ్యాహ్నం అందరం పెరట్లో అన్నం తింటుండగా, డైరెక్టరు ఎదుటే ఆమె లేచి నిలబడింది.

"పేర్లు చెప్పను. తేతుంలో చదువుతా, వినండి."

మొదటిది పూర్తి కాకముందే లిస్బన్ బల్ల వాల్దెమార్ లేచాడు. "ఇది జావావాళ్ల రాతే. మేం నిద్రమొహాలమా?"

అది ఆయన స్వదస్తూరీతో రాసిన అర్జీ.

"కూర్చో అన్నా, ఇంకా రెండున్నాయి."

రెండోది వినగానే మా జసింతు మండిపడ్డాడు. "ఇంత పొగరు లిస్బన్‌లోనే దొరుకుతుంది." అందులో ఒక వాక్యం నాది. నేను తలవంచుకుని చేప ముల్లు తీసుకున్నాను.

మూడోదానికి ఆస్ట్రేలియా బల్ల నొయేమియా, "మాకింత చక్కగా తిట్టడం రాదక్కా" అంది.

"అయితే ఇవి రాసినవాళ్లు చేతులెత్తండి" అన్నారు అబీలియు. ఒక్క చెయ్యీ లేవలేదు.

"సరే. ఏసీ ఎర్మెలిందా గదిలో పెట్టండి."

"నేను అర్జీ పెట్టుకోలేదండీ."

"అందుకే."

సోమవారం నుంచి అందరికీ ఆ గదిలోనే పని పడింది. ఫైలు పట్టుకుని వచ్చినవాడు గంటకి గానీ కదిలేవాడు కాదు. అన్నదమ్ములమైపోయామని చెప్పను; ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీ కోసం రోజూ తగువే. కాకపోతే ఆ తగువు తేతుంలో.

నెల తిరక్కుండా పైనుంచి ఎర్మెలిందాకి తాఖీదు వచ్చింది: ప్రభుత్వ కాగితాలు బహిరంగంగా చదివినందుకు సంజాయిషీ ఇవ్వాలి. పాత నిబంధనలన్నీ తిరగేసి జసింతు ఆమెకు అనుకూలమైనది పట్టుకున్నాడు. వాల్దెమార్ దాన్ని పెట్టి సంజాయిషీ పోర్చుగీసులో రాశాడు. నొయేమియా టైపు చేసింది.

ఎర్మెలిందా కళ్లజోడు పెట్టుకుని చదివి, "మూడు తప్పులున్నాయి" అంది. "బల్లకొకటి."

దిద్ది, సంతకం పెట్టి, ముద్ర కొట్టింది.