గడువు మిగిలుండగానే

అది 2010. భర్త పెద్దకర్మ అయ్యాక నిద్ర చేయించడానికి సుబ్బరత్నాన్ని ఖమ్మంలో ఉన్న తమ్ముడింటికి తీసుకొచ్చారు. మర్నాడు మరిది అనిల్‌కుమార్ ఆమెను షేర్ల ఆఫీసుకు వెంటబెట్టుకెళ్లాడు. బోనకల్ దగ్గర భూమంతా తన పేరునే ఉంచుకున్నా, షేర్ల ఖాతా మాత్రం ఆమె పేరున తెరిచాడు ఆమె భర్త వెంకటరామారావు, మహానుభావుడు. సంతకం ఎక్కడ పెట్టాలో తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఈ ఏడు మిరప తెగులుకు తుడిచిపెట్టుకుపోయింది. వచ్చే పంట పెట్టుబడికి ఆ ఖాతాలో ఉన్నదే దిక్కు.

ఆమె ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఏం చేస్తుంది, ఏడుపు రాలేదు. ఆఫీసులో ఇచ్చిన వేడి టీ నాలుక కాల్చినా ఆమెకు తెలియలేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్న కోటేష్‌ది దుమ్ముగూడెం వైపు తండా. ఓపిగ్గా విడమరిచాడు. "సార్ కొన్నది షేర్ కాదమ్మా, ఆప్షన్. నెలాఖరు దాంక ఎప్పుడైనా పాత ధరకే కొనే హక్కు. ఇప్పుడు షేర్ మస్తు పెరిగింది."

"అన్నయ్య నెలాఖరు దాకా కదిలించొద్దన్నాడు వదినా," అన్నాడు అనిల్‌కుమార్.

అనే ఉంటాడు. బోనకల్ స్టేషన్లో రైలు కదిలితే గానీ టీ గ్లాసు దించని మనిషి.

"రేపటి నుంచి డివిడెండ్ పోను ధర పలుకుతది సార్, అంటే కంపెనీ పంచే లాభం మేర షేర్ ధర తగ్గుతది. గా డివిడెండ్ షేర్ ఉన్నోళ్లకే, ఆప్షన్ ఉన్నోళ్లకు రాదు. ఆప్షన్‌నే అమ్ముదామంటే సరైన రేటుకు కొనేటోడు లేడు. ఇయ్యాలనే హక్కు వాడుకుంటే పెరిగిన తేడా అమ్మ ఖాతాల పడ్తది. తర్వాత ఇంకా పెరిగితే మాత్రం మనది కాదు."

"గడువుండగా తొందరేంటయ్యా?"

"గడువంటే ఆఖరి రోజు సార్. అందాక ఆగాలని కాదు గదా."

సుబ్బరత్నం తలెత్తింది. ఇంతసేపూ గోడ మీదే ఉన్న ఆమె చూపు కోటేష్ వైపు తిరిగింది.

"కాగితం ఇటివ్వు బాబూ."

"వదినా, అన్నయ్య మాట..."

ఆమె సంతకం పెట్టేసింది.

"గుండె డాక్టరు మీ అన్నయ్యను ఉగాదిలోపల వచ్చి ఆపరేషన్ చేయించుకోమన్నాడు అనిల్. మిరప కోతలయ్యాక పోదాం, గడువుందిగా అన్నారు."

పెన్ను కోటేష్ ముందు పెట్టి, చీర కొంగు సర్దుకుని లేచింది.

"ఉగాది ఇంకా రాలేదు."