నా చేతిది కాదు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. మూడు ముక్కల అబద్ధం. దాన్ని తలుచుకుని ఏడ్చిన రోజులున్నాయి, లోలోపల మురిసిపోయిన రోజులూ ఉన్నాయి. మీరెవరో నాకు తెలియదు కాబట్టి ఆ రెండోది కూడా దాచకుండా చెబుతున్నాను.

మాది మంగళగిరిలో నేతపని ఇల్లు. మా నాన్న తను నేసిన ప్రతి చీర చివరా ఒక ఎర్రపోగు వేసేవాడు. అదే ఆయన సంతకం. నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టాక, పేరు రాయడానికి బదులు కుడి అంచున ఒక ఎర్రపోగు అతికించేదాన్ని.

పటమటలో ఒక గ్యాలరీ ఆయన నా బొమ్మలు అమ్మేవాడు. పేరు రాయను, రాస్తే నోరు చేదవుతుంది. అమ్మ పోయిన ఏడాది, ఆమె మగ్గం ముందు కూర్చున్నట్టు బొమ్మ వేశాను. చెయ్యి అంచు దాకా చాచి, ఎర్రపోగు పట్టుకుని ఉంటుంది. ఆయన బతిమాలితే దాన్నీ ఇచ్చేశాను. అమ్మనే అమ్ముకున్నావా అని మీరు అడగక్కర్లేదు, రోజూ నన్ను నేనే అడుగుతున్నాను.

ఒకరోజు వేరే పని మీద ఫ్రేములు కట్టే షాపుకి వెళ్లాను. చెత్తబుట్ట పక్కన అమ్మ చెయ్యి పడి ఉంది. మణికట్టు నుంచి వేళ్ల దాకా, పోగుతో సహా. ఆ ముక్కని చుట్టి సంచిలో పెట్టుకుని నేరుగా పటమట వెళ్లాను. బొమ్మ ఎలా ఉందని మాత్రం అడిగాను.

"గన్నవరం పార్టీకి ఇచ్చేశాం మేడం. సోఫా పైన గోడ అంతే ఉందంట. కాస్త అంచు తీయించాం, అంతేగా!" అని నవ్వాడు. టీ కూడా తెప్పించాడు. తాగాను. ముక్క సంగతి ఎత్తలేదు. అప్పటికే ఏమైనా అనుకున్నానా? లేదు. కడుపు మండిపోతోంది, అంతే.

కొన్ని నెలలకి ఆ గన్నవరం ఆయన బొమ్మని కారులో వేసుకుని మా ఇంటికొచ్చాడు. నా బొమ్మల్లో ఎర్రపోగు ఉంటుందని వాళ్ల చుట్టాలెవరో చెప్పారట.

"దీన్లో లేదేంటండీ? ఇది మీ చేతిదేనా?"

బొమ్మలోంచి అమ్మ నా వంకే చూస్తోంది. చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. బీరువాలోంచి ముక్క తీసి చూపిస్తే సరిపోయేది. ఎందుకు తీయలేదు? అంచు కోస్తే తప్పని ఎవరనుకుంటారు? చీరలోంచి జాకెట్టు ముక్క కత్తిరించుకున్నట్టే అనుకుంటారు. అదే నకిలీ అంటే అందరికీ అర్థమవుతుంది.

"నా చేతిది కాదండీ" అన్నాను.

ఆ మాట ఊరంతా పాకింది. కొన్నవాళ్లు బొమ్మలు గ్యాలరీకి వెనక్కి తెచ్చారు. అంచు తనే కోయించానని గ్యాలరీ ఆయన లబోదిబోమన్నాడు, ఒక్కరూ నమ్మలేదు. చివరికి నాకు ఫోన్ చేశాడు.

"ఆ ముక్క ఎక్కడ పడేశారో దొరకట్లేదు మేడం. మీరొక్క మాట చెబితే బతికిపోతాను. లేకపోతే ఆ నకిలీ బొమ్మని అందరి ముందూ తగలెట్టెయ్యమంటున్నారండీ కొన్నవాళ్లు."

ముక్క నా ఒళ్లోనే ఉంది. దాన్ని నిమురుతూ, "నాది కాని బొమ్మ గురించి నన్నడుగుతారేంటండీ?" అన్నాను.

గ్యాలరీ ముందే బొమ్మని తగలబెట్టాడు. ఆటోలో వెళ్లి, రోడ్డుకి ఇవతల నిలబడి చూశాను. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నాకు హాయిగా ఉంది. మంట అమ్మ మొహం దాకా వచ్చేసరికి అరవబోయాను. అరవలేదు. అరిస్తే ఆయన బతికిపోతాడు.

గ్యాలరీ మూతపడింది. ఆయన మీద జాలి ఈ రోజుకీ రాలేదు, రావాలని కూడా లేదు. కానీ ఆయన కోయించింది అమ్మ చెయ్యి ఒక్కటే. మిగిలిన అమ్మని కాల్పించింది నేను.

ఆ చెయ్యిని ఇవాళ బీరువాలోంచి తీసి, ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఎర్రపోగుని ఇంకా వదల్లేదు. ఆ బొమ్మ నా చేతిదే.