చాప కింద తీగ

పాడైన వస్తువు కనిపిస్తే రెబెక్కా చేతులు ఊరుకోవు. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆదివారం మాత్రం చర్చిలో లైవ్ పెట్టే లినక్స్ కంప్యూటర్‌కి కాపలా. ఆ లైవ్ ముఖ్యంగా పాపాయమ్మ గారి కోసం. ఏళ్ల తరబడి ఆ చర్చిలో పాట ఎత్తిన మనిషి, తుంటి విరిగి తణుకులో కూతురింట మంచాన పడింది.

"ప్రసంగం బాగానే వస్తంది. పాట మొదలెట్టగానే ముక్కలు ముక్కలైపోతందమ్మా. ఇంక నాకు పాట లేదనుకోమంటావా?" అని ఆవిడ ఫోన్‌లో అడిగితే, ఈ ఆదివారం వినిపించి తీరతానని రెబెక్కా మాటిచ్చేసింది.

మాటిస్తే సరా, నెట్‌వర్క్ కార్డు వినొద్దూ? దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చింది. ఏకంగా కార్డే మార్చింది. శనివారం ఖాళీ చర్చిలో కమాండ్ కొట్టి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. ఆ కార్డు ఎంత బుద్ధిమంతురాలో! ఆదివారం మొదటి కీర్తన ఎత్తుకున్నారో లేదో, తెర మీద ఎర్రర్లు పొంగిన పాలలా లేచాయి. పాట ముగిసింది, ఎర్రర్లూ ఆగిపోయాయి.

"దానికి మన పాట నచ్చట్లేదేమోనమ్మా," అన్నారు పాస్టరుగారు చల్లగా, ప్రసంగానికి లేస్తూ.

రెబెక్కాకి ఒళ్లు మండింది. ఇంకా ఆఖరి పాట ఒక్కటే ఉంది. పాటప్పుడు మారేదేంటి? అందరూ లేచి నిలబడతారు. కూచున్న ఆడవాళ్లు లేచి ఆ చాపల మీదే నిలబడతారు. అంతే, ప్రసంగం మధ్యలోనే వంగి వంగి వెళ్లి చాప అంచు ఎత్తింది. కింద కంప్యూటర్‌కి నెట్ తెచ్చే కేబుల్, తొక్కీ తొక్కీ చపాతీ అయిపోయి ఉంది. "తీగ పాములా కనబడుతుంది, చాప కింద పెట్టండే" అని కిందటి క్రిస్మస్‌కి దాన్ని దాపించింది సాక్షాత్తూ పాపాయమ్మే. రెబెక్కాకి నవ్వు ఆగలేదు. చుట్టుపక్కల వాళ్లకి అంటుకుంది. సంచిలోంచి కొత్త కేబుల్ తీసి, కిటికీ ఊచల మీదుగా లాగి కలిపింది.

ఆఖరి పాట మొదలైంది. అందరూ లేచారు. ఎర్రర్ల అంకె కదల్లేదు. రెబెక్కాకి ఆనందంతో గంతులేయాలనిపించింది.

ఆరాధన అవగానే ఫోన్ మోగింది.

"మొత్తం విన్నానమ్మా," అంది పాపాయమ్మ. "ఇన్నాళ్లూ కంప్యూటరే పాడుచేస్తందనుకున్నాను. రెండో చరణంలో శ్రుతి తప్పేది మీరేనా?"

"మేమేనండి మామ్మగారూ."

"అయితే సాయంత్రం అందర్నీ ఆ కెమెరా ముందు కూచోబెట్టు. నేర్పుతాను."

అది మంచాన పడిన మనిషి గొంతు కాదు, పాట ఎత్తే గొంతు. రెబెక్కా నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఇంటిదారి పట్టిన పాటగాళ్లని పిలుస్తూ గేటు వైపు పరిగెత్తింది.